అద్దం మీద నీళ్లు

ఈ అద్దం కడిగే నీళ్ల డబ్బా నాలుగు నెలల్నించి కారిపోతోందిరా షఫీకూ! పొద్దున్న డబ్బా నిండా నీళ్లు పోస్తాను, బడి విడిచేసరికి చుక్క ఉండదు. మీట నొక్కితే గుర్రుమని మోటారు చప్పుడే గాని అద్దం మీద తడి కూడా పడదు. వైపరు ఉత్తినే గీక్కుంటూ పోతుంది. ఇలాంటి కారు మనిషి నడిపేదేనా, నువ్వే చెప్పు!

ఏటీ, ముందే రావాల్సిందంటావా? నిజమే. నేనే బాగుచేసుకుందామనుకున్నాను. నవ్వకు. సైకిలు వాల్వు ట్యూబు ముక్క కోసి ఆ పైపుకి తొడిగేను. పైన పంచరు సొల్యూషను రాసేను. రెండు రోజులు ఆగింది. మూడో రోజు మళ్లీ మొదలు.

సబ్బునీళ్లు పోయాలని ఎవరో చెబితే కుంకుడు రసం పోసేను. తలకి పనికొచ్చింది అద్దానికి పనికిరాదా అనుకున్నాను. అదిగో, నువ్వు గుండుసూదితో ఆ నీళ్లు చిమ్మే కన్నంలోంచి తీస్తన్నది ఆ పిప్పే. నవ్వకురా అంటే!

ఎందుకలా ముడుచుక్కూర్చున్నానా? చలిరా. పొద్దున్న మంచు పడలేదూ? పదిన్నరైందా? ఎండొచ్చేసిందా? సర్లే, ముసలి ప్రాణం, ఎండలో కూడా చలేస్తుంది. నువ్వు పని చూసుకో.

నీళ్లలో ఏటి కలిపేవు? బట్టల నీలమా? భలే! నీలం చుక్క ఎక్కడ దిగితే కన్నం అక్కడన్నమాట. ఇలాంటిదొకటి నాకు తెలిసుంటే అయిదో తరగతి వాళ్లకి చక్కటి పాఠం చెబుదును. ముప్ఫయ్యేళ్లు చెప్పినా ఇలాంటిదొకటి తోచలేదు చూడు.

దొరికిందా? ఏదీ... ఎలకా? ఎలక కొరికిందా పైపు? లోపల గూడు కూడానా? దేంతో కట్టింది? చెరుకు పిప్పి!

అయితే అది నా పాపమే. నా కారులో రోజూ నలుగురు పిల్లలొస్తారు కదా, చీడికాడ రోడ్డు మలుపు దగ్గర ఎక్కుతారు. బడి వేళకి బస్సు లేదు. ఆటోలో పదిమందిని కుక్కుతుంటే చూళ్లేక, నా కారెక్కండర్రా అన్నాను. పిల్లలు భద్రంగా రావాలని, అంతే. ఫ్యాక్టరీలో చెరుకాడే క్రషింగు రోజుల్లో దారి పొడుగునా ట్రాక్టర్ల నుంచి జారిన చెరుకుగడలు. ఒకటి కనబడితే చాలు, "సార్, ఆపండి సార్!" ఆపుతాను. వెనక కూర్చుని నములుతారు, పిప్పి సీటు కిందకి తోసేస్తారు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. ఆ తీపికే ఎలకొచ్చింది.

అయితే తప్పంతా పైపుదే కదా?

ఖాయంగా? నీళ్లు రాకపోవడం, అద్దం మసకగా ఉండటం, అంతా పైపు వల్లే కదా? ఇంకోసారి చెప్పు. ఊఁ. ఆ మాట విన్నాక కాస్త ఊపిరాడింది.

ఇన్నిసార్లు ఎందుకడుగుతన్నానా? ఎవరికీ చెప్పకు మరి. మా కనకవల్లికి కూడా చెప్పలేదు. పెళ్లయి ముప్ఫయ్యేళ్లు, దానికి చెప్పని మాట ఇదొక్కటే.

మొన్న శుక్రవారం. మలుపు దగ్గరికి పోతన్నాను. ఎదురుగా చెరుకు ట్రాక్టరు. పొలంలోంచి అప్పుడే రోడ్డెక్కింది, చక్రాల నిండా బురద. ఆ బురద వచ్చి నా అద్దానికి కొట్టింది. మీట నొక్కేను. నీళ్లు రాలేదు. ట్రాక్టరు దాటిపోయింది. రోడ్డు వార ఏదో గోధుమరంగుగా పడి ఉంది. చెరుకు మోపు జారిపడిందనుకున్నాను. చక్రం దాని మీంచి పోతే పోనీ, ఏమైంది, చెరుకే కదా అని స్టీరింగు తిప్పలేదు.

మోపు లేచి నిలబడింది షఫీకూ.

లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్" అంది.

బ్రేకు ఎప్పుడు తొక్కేనో, ఎలా తొక్కేనో నాకు తెలీదు. బంపరుకీ ఆ గుంట పిల్లకీ మధ్య జానెడు. దేవిశ్రీ అది, అయిదో తరగతి. వాళ్లక్క పాత గోధుమరంగు స్వెట్టరు వేసుకొచ్చింది. కింద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోందట. నవ్వుతూ వచ్చి తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. అదెప్పుడూ దాని సీటే. సార్ కారు తనకోసం ఆగిందనుకుంది పిచ్చిది. దారంతా ఏదో లెక్క అడిగింది. నేనేం జవాబు చెప్పేనో గుర్తులేదు.

నిన్న బడికి సెలవు పెట్టేను. జ్వరమన్నాను. ఇంట్లో మాత్రం అద్దం మురిగ్గా ఉంది, నీళ్లు రావట్లేదు, ఆదివారం షఫీకు దగ్గరికి పోయి బాగుచేయించుకొస్తానన్నాను. అబద్ధం కాదు కదా? ఎలక కొరికింది, నువ్వే చూసేవు కదా?

మా నాన్న ఉండేవాడు, ఆయనా ముందు లాంతరు గ్లాసునే తిట్టేవాడు. మసి, మసి అని. మా అమ్మ పూటకోసారి ముగ్గుపిండి వేసి తోమేది, పాపం... ఆ గోల ఇప్పుడెందుకు? పైపు తొడుగు నువ్వు. గట్టిగా తొడుగు.

ఊరుకుంటే ఏవేవో తోస్తన్నాయి. కథ చెప్పనా? మా బడిలో ఏటా చెప్తాను, పిల్లలు పడీపడీ నవ్వుతారు. అనగనగా నాలుగో తరగతిలో ఓ గుంటడు. బోర్డు మీద ఏది రాసినా లేచి గడగడా చదివేస్తాడు. ఒక్క తప్పుండదు. మాస్టారికి అనుమానం వచ్చింది. ఓ రోజు మధ్యాన్నం బెల్లులో పొద్దుటి పాఠం చెరిపేసి, వేరేది రాసేడు. వీణ్ణి లేపి చదవమన్నాడు. వీడు లేచి, చేతులు కట్టుకుని, పొద్దుటి పాఠమే గడగడా అప్పజెప్పేసేడు! బోర్డు మీదేమో కాకి గురించి ఉంది, వీడేమో వానల గురించి చదువుతన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. చూసేరా, బట్టీ కొడితే ఇలా ఉంటుంది, అని చెప్పి ముగిస్తాను.

ఏట్రా, పానా ఆపేసేవు?

గుర్తొచ్చిందా. నీదే. పేరు చెప్పన్లే, ఎప్పుడూ చెప్పలేదు. ఇరవయ్యేళ్లుగా నిన్ను చూపించి నవ్విస్తన్నాను.

కథ అక్కడితో ఆపేస్తాను. వాణ్ణి ఏడాదంతా గోడకి ఆనించి నిలబెట్టేనని చెప్పను. కళ్ల క్యాంపు వాళ్లొచ్చి పరీక్ష చేసి, "మాస్టారూ, ఈ అబ్బాయికి రెండో బెంచీ అవతల ఏమీ కనబడదు" అన్నారని చెప్పను. మిగతావాళ్లు చదివేది విని, ఒక్కసారికే గుర్తుంచుకునేవాడివి నువ్వు. అంత తెలివైన గుంటణ్ణి గోడకి నిలబెట్టేను. ఎందుకు చెప్పలేదురా అనడిగితే నువ్వేమన్నావో గుర్తుందా? "కనబడదంటే బడి మానిపించేస్తారని భయమేసింది సార్" అన్నావు. నాకు గుర్తుంది. కథలో ఆ ముక్క మాత్రం చెప్పను.

అయిపోయిందా? నీళ్లు పోసేవా? నేనే కూర్చుంటాను స్టీరింగు ముందు. నొక్కనా?

ఓ! నీళ్లొచ్చేయిరా! రెండు పాయలూ వచ్చేయి! అద్దం మీద ఎంత జోరుగా పడుతున్నాయో చూడు! వైపరు వేస్తాను. ఇంకోసారి నొక్కుతాను. ఇంకోసారి... ఇంకొక్కసారి. చాలా? నీళ్లు అయిపోతాయా? పోస్తాలే మళ్లీ.

క్లియరే, క్లియరే. అసలు అద్దం లేనట్టే ఉంది.

ఏటీ? ఎదురు కొట్టు బోర్డు చదవాలా? నన్ను చదవమంటావేట్రా, మాస్టార్ని! చదువుతాను విను. "శ్రీ దుర్గా ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు." కింద చిన్నక్షరాలతో "చోడవరం". చాలా?

ఏట్రా, అలా చూస్తావు?

ఎప్పుడు? ఎప్పుడు మార్చేరు? దసరాకే ఎరువుల కొట్టు వడ్డాది ఊరికి మారిపోయిందా? మరి ఇప్పుడేటుంది అక్కడ? సెల్‌ఫోను రిపేర్లా? ఎర్రటి సెల్‌ఫోను బొమ్మ కూడానా? తలుపంత బొమ్మా?

పొద్దున్నించీ దాని ఎదురుగానే కుర్చీ వేసుకుని కూర్చున్నాను కదరా నేను.

తెల్లగా ఏదో ఉంది. మధ్యలో ఎర్రగా. అంతే. పొగమంచులో చూసినట్టు. అద్దంలోంచి అంతే, అద్దం అవతలికి తల పెట్టినా అంతే. నాలుగు నెలల్నించి.

శుక్రవారం బురద పడలేదురా.

ట్రాక్టరు రోడ్డు అవతల పక్కన పోయింది. ఒక్క చుక్క పడలేదు. మీట నొక్కలేదు. నొక్కడానికి ఏముంది? అద్దం శుభ్రంగానే ఉంది. పట్టపగలు, శుభ్రమైన అద్దంలోంచి, పిల్ల నాకు చెరుకు మోపులా కనబడింది.

వద్దు, ఆసుపత్రి మాట ఎత్తకు. చూపించుకుంటే దానికో పేరు పెడతారు. మా నాన్నకి పెట్టేరు. పేరు పెట్టిన ఏడాదికి ఆయన నా చెయ్యి పట్టుకుని దొడ్లోకి నడిచేవాడు. శుక్లమే కావచ్చు అంటావా? నీకేం తెలుసు? నాకేం తెలుసు? తెలుసుకోడానికే భయంరా. రెండేళ్లుంది సర్వీసు. కనబడదంటే... నువ్వే అన్నావు కదా అప్పుడు. బడి మానిపించేస్తారు షఫీకూ.

సరే. రేపు. నువ్వు తీసుకెళ్తానంటే వస్తాను. చెయ్యి వదలకూడదు మరి.

ఇవిగో తాళాలు. నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు. నన్ను నేనెరుగుదును, రేపు పొద్దున్నే వచ్చి అడుగుతాను. ఒక్క రోజే అంటాను, పిల్లలు మలుపు దగ్గర నిలబడి ఉంటారంటాను, బతిమాలతాను, మాస్టార్నిరా అని దబాయిస్తాను. ఇవ్వకు. ఆ నలుగురి కోసం ఎవరిదైనా ఆటో మాట్లాడు. కుక్కని ఆటో. దేవిశ్రీ అడిగితే... ఏటో ఒకటి చెప్పు. కారు రిపేరని చెప్పు.

నువ్వు దిగబెడతావా? సరే. జరుగుతాను, ఇటు ముందు సీట్లోకి. దేవిశ్రీ సీటు ఇది. ఇక్కడా చెరుకు పిప్పే, చూడు.

పోనియ్యి. మెల్లగా పోనియ్యి. ముందు ఎవరూ లేరు కదా? చూసి చెప్పు.

ఆ మీట నొక్కకురా బాబూ. నీళ్లు దండగ. అద్దం శుభ్రంగానే ఉంది.