ఐదుసార్లు పాడిన పాదం

కైరోలో గురువారం సాయంత్రం కచేరీ. విరామంలో గాయని రతీబా తన గదిలోకి వచ్చింది. వెనకే వచ్చిన భర్త సబ్రీ తలుపు మూశాడు.

“ఎన్నిసార్లు పాడావు?”

“జుట్టు వదులు, సబ్రీ.”

“ఎన్నిసార్లే?”

“గుర్తులేదు.”

“నాకుంది. ‘నా వాకిలికి గడియ లేదు’ అని ఐదుసార్లు! ఒక్కసారే పాడి ముందుకెళ్ళమన్నానా లేదా?”

“జనం ‘మళ్ళీ’ అన్నారు. ‘మళ్ళీ’ అంటే పాడాలి. తంతా ఊళ్ళో పెళ్ళిళ్ళలో పాడిన నాటి నుంచీ నాకు తెలిసింది అదొక్కటే... అబ్బా! మొహం మీద కొట్టకు, ఇంకా సగం కచేరీ ఉంది!”

“మొహం మీద ఎప్పుడైనా కొట్టానా? తంతా నుంచి తెచ్చి రేడియో ఎక్కించినవాణ్ణి. నా సొత్తు నేనే పాడుచేసుకుంటానా?”

“చెయ్యి విరుగుతుంది, వదులు!”

“ఆ పాదానికి బాణీ కట్టిందెవడు?”

“తెలిసీ అడుగుతావేం?”

“పేరు చెప్పు.”

“మునీబ్. ఊద్ వాయించే మునీబ్. చాలా? ఇవాళ వేదిక ఎక్కనివ్వలేదుగా, ఇంకేం కావాలి?”

“హాల్లోనే, మేడ మీద కూర్చోబెట్టాను. పక్కన మన నౌకరు అత్వా ఉన్నాడు. పొద్దున నీకేం చెప్పాను?”

“ఏదో కోపంలో అన్నావు.”

“ఏమన్నాను?”

“మళ్ళీ పాడినప్పుడల్లా వాడిది ఒక వేలు విరిపిస్తానన్నావు. సబ్రీ... బెదిరింపే కదూ?”

“మొదటిసారి వదిలేశాను. మిగతావి నాలుగు.”

“నువ్వు మనిషివేనా! నిన్ను... నిన్ను పొడిచేస్తాను!”

“కత్తెర కింద పెట్టు! పెట్టవే! చెయ్యి కోసేశావు కదే, రాక్షసీ! విరిచింది నేను కాదు, నీ గొంతు. రెండోసారికే ఆపొచ్చుగా?”

“ఆ దీపాల వెలుగులో నాకు మనుషులు కనపడి చస్తారా? ‘మళ్ళీ’ అని వినపడింది. పాడాను. జనం అడిగితే పాడాను!”

“నోర్ముయ్. తలుపు కొడుతున్నాడు, అత్వాయే. ఉండరా, తీస్తున్నా... అయిందా?”

“అయిందయ్యగారూ. ఎడమ చేతివి నాలుగూ. ఆఖరిదానికి సొమ్మసిల్లాడు.”

“అంతకుముందు అరిచాడా?”

“అరిచాడయ్యగారూ. జనం ఒక్కసారే అడిగి కూర్చున్నారు. తర్వాత మూడుసార్లూ, వేలు విరిగినప్పుడల్లా, ‘మళ్ళీ’ అని అరిచింది వాడే.”