డాబా మీది పాత యాంటెన్నా

కొబ్బరితోట మధ్య ఇల్లు. డాబా మీద ఆయన పాత టీవీ యాంటెన్నా గొట్టాన్ని తిప్పుతున్నాడు. కింద గదిలో ఆయన భార్య, కొత్తగా తెచ్చిన ఇంటర్నెట్ పెట్టె పక్కన ఫోను చూస్తూ కూర్చుంది.

“వచ్చిందా?”

“రాలేదండీ! అలవాటుకొద్దీ కాకినాడ టీవీ టవరు వైపు తిప్పేసుంటారు. నెట్ వాళ్లు పరికరం పెట్టింది చర్చి గోపురం మీద కదా!”

“నిజమేనే, మర్చిపోయా. టీవీ వాళ్లు వాడకుండా వదిలేసిన తరంగాల మీద నెట్టంటే నాకింకా నమ్మకం కుదరట్లేదు.”

“కొబ్బరిచెట్లు అడ్డున్నా వస్తుందటండీ. ఈ పాత యాంటెన్నాయే పనికొస్తే కొత్తది కొనక్కర్లేదు, ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. మనకొస్తే వీధిలో అందరూ పెట్టించుకుంటామన్నారు. పూతరేకుల ఆర్డర్లు చూసుకోడానికి నేనూ సిగ్నల్ కోసం కాలవగట్టు దాకా పరిగెత్తక్కర్లేదు.”

“ఇప్పుడో?”

“వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది!”

ఆయనకి నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలోనూ ఇవే కేకలు.

“ఇప్పుడు?”

“వచ్చిందండీ! బొమ్మ కదుల్తోంది! వదలకండి!”

“అప్పుడూ ఇలాగే వదలొద్దన్నావు. ఆదివారం సినిమా అయ్యేదాకా ఈ గొట్టం పట్టుకుని నించున్నాను. నువ్వు కిటికీలోంచి కథ చెప్పావు.”

మళ్లీ పోతుందేమోనని ఆయన గొట్టాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇంతలో మెట్ల మీద గాజుల చప్పుడైంది. ఆవిడ ఆయాసపడుతూ డాబా ఎక్కి, ఫోను ఆయన ముందు పెట్టింది. సినిమా మొదలైంది.

“అప్పుడు టీవీని పైకి మోసుకురాలేకపోయాను. ఈసారి మీరూ చూడండి.”