ఖాళీ వరండాకు జవాబు చెప్పిన ఖాదర్ సాహెబు గారు

ఫసలీ 1326 ఆజూరు నెల ఒకటవ తేదీన, అనగా ఆంగ్ల సంవత్సరం 1916 అక్టోబరులో, జనాబ్ అబ్దుల్ ఖాదర్ సాహెబు గారు వనపర్తిలో గాయాలకు కట్లు కట్టే చిన్న ఉద్యోగంలో చేరారు. పిమ్మట చాలాకాలం నాగర్‌కర్నూలులో కంపౌండరుగా పనిచేసి, 1343 ఫసలీలో గోపాల్‌పేట దారిలోని మా దవాఖానకు అధికారిగా వచ్చారు. డాక్టరు లేని దవాఖాన గనుక మందు, కట్టు, మాట, మందలింపు అన్నీ వారివే. నేను 1350లో దాది భాగ్యమ్మ గారికి సహాయకురాలిగా చేరాను. వారికి కోపం లేదని నేను వ్రాస్తే ముందుగా నవ్వేది వారి సతీమణి సకీనాబీ గారే. కాని ఆ కోపం పని మీద తప్ప మనిషి మీద నిలిచేది కాదు.

దిగుడు బావుల నీళ్లు తాగే మన మెట్ట ఊళ్లకు నారికురుపు కొత్త కాదు. ఏడాదిపాటు ఒంట్లో పెరిగిన పురుగు సరిగ్గా విత్తనాల వేళకే కాలిలోంచి బయటికి వస్తుంది. దానిని పుల్లకు చుట్టి, తెగనీయకుండా, రోజుకు కొంచెం చొప్పున తీయాలి. అందుకోసం రోగి ప్రతిదినం దవాఖానకు రావాలన్నది మా నియమం. 1351లో పెంటమ్మ అనే రైతు ఇల్లాలు నాలుగు రోజులు రాక, ఐదవనాడు మరిది బండిలో వచ్చింది. రిజిస్టరు వ్రాసే రామచంద్రయ్య గారు మండిపడ్డారు.

"రోజు రమ్మంటే ఏంది నీకు? ఇదేమన్న తల్లిగారిల్లా, పండుగకు పండుగకు వస్తవు?"

"నడిచే కాలుంటే రోజు వస్తనయ్యా! కాలు పట్టుకపోయినందుకే గద మీ తానికొచ్చింది!"

అందరూ నవ్వారు. ఖాదర్ సాహెబు గారు కూడా నవ్వారు. మరునాడు మా ముగ్గురినీ చాప మీద కూర్చోబెట్టి, తామూ మా ప్రక్కనే కూర్చున్నారు.

"మనం ఉల్టా పని చేస్తున్నం. నడవలేనోళ్లను నడిపిస్తున్నం, నడిచెటోళ్లం కూసుంటున్నం. ఎట్ల మార్చాల్నో నాకైతే తెల్వదు. మీరు చెప్పుండ్రి."

పై అధికారి నోట 'తెల్వదు' అన్న మాట వినడం నాకు అదే మొదలు. భాగ్యమ్మ గారు ఊళ్లకు మనమే పోదామన్నారు. వంతులు వేసుకుని ఊరూరా తిరిగి కట్లు కట్టాము. నీళ్లు వడగట్టి తాగితే పురుగు అసలే రాదని చెప్పి, సాహెబు గారు ఇంటింటికీ పలుచని కొత్త మల్లు గుడ్డ పంచారు. నెల తిరిగి చూస్తే ఆ గుడ్డలు పసిపిల్లల టోపీలయ్యాయి, పెద్దల తలపాగాలయ్యాయి. ఒక్క కడవ మూతికీ లేవు. రామచంద్రయ్య గారు ఆడవాళ్లను తిట్టబోతే సాహెబు గారు ఆపారు.

"తప్పు నాది. అంత మంచి గుడ్డ చేతిలో పెడితే కడవకెవరు కడ్తరు? మా ఇంట్ల అయితే సకీనా ఎప్పుడో రవిక కుట్టుకుంటుండె."

మరుసటి ఏడు పాత చీర కొంగునే నాలుగు మడతలు వేసి కట్టే పద్ధతిని ఆ ఆడవాళ్లనే అడిగి తెలుసుకుని, వారి చేతనే ప్రక్క ఊళ్లవారికి చూపించారు.

ఫలితం వచ్చింది, దానితోపాటు ఆపద కూడా వచ్చింది. విత్తనాల ముందు రోజుకు అరవై మంది వచ్చే వరండాకు 1354లో ఏడెనిమిది మంది కూడా రాలేదు. రోగులు లేని దవాఖాన వృథా అని, తనిఖీ జరిపి ఎత్తివేస్తామని పైనుండి కాగితం వచ్చింది. మా నలుగురి ఉద్యోగాలే గాక, ఆ ఊళ్ల ఆలనా పాలనా కూడా పోయేటట్టుంది. సాహెబు గారి పింఛనుకు అప్పటికి ఒక్క ఏడే మిగిలి ఉంది.

"సాబ్, నిరుటి పేర్లే మల్ల రాస్త. ఎవరికి తెలుస్తది?" అన్నారు రామచంద్రయ్య గారు.

"రాయొచ్చు. గని పోయిన రోగాన్ని మనమే మల్ల పిలుచుకొచ్చినట్టయితది. వద్దు. ఉన్నదే చూపిద్దం."

తనిఖీకి వచ్చిన డాక్టరు గారు ఖాళీ వరండా చూసి, "ఏడీ మీ రోగులు?" అన్నారు. సాహెబు గారు జంకలేదు. "జర నాతోని రాండ్రి" అని, రెండు మైళ్లు నడిపించి చేల గట్టు మీద నిలబెట్టారు. ఊరు ఊరంతా విత్తుతోంది. గొర్రు వెంట గింజలు వదులుతున్న పెంటమ్మ మమ్మల్ని చూసి ఆగింది. డాక్టరు గారు దవాఖానకు ఎందుకు రావడం లేదని అడిగారు.

"మూడేండ్ల కింద గీ యాళ్లకు మంచంల ఉన్న దొరా. మా చేను బీడు పడ్డది. ఇయ్యాల కాళ్ల మీద ఉన్న. దవాఖానకు రాలేదని కోపమా?"

"మరి కాగితం మీద నేనేం రాయాలె?"

"మేం విత్తుతున్నమని రాయుండ్రి!"

రెండు నెలలకు ఆ ఉత్తరువు రద్దయింది. దవాఖాన నిలిచింది. ఊళ్లలో చేసిన కట్లకూ, రోగం తప్పిన ఇండ్లకూ రిజిస్టరులో వేరే వరుస గీసుకోవడానికి అనుమతి కూడా వచ్చింది.

మొన్న బాధ్యతలు అప్పగిస్తూ వారు మాతో ఒకే మాట అన్నారు: "నేను చేసినట్టే చేయకుండ్రి. ఊరు మారితే మీరూ మారుండ్రి." ముప్పై ఏండ్ల సేవ ముగించి గద్వాలలో విశ్రాంతి తీసుకోబోతున్న ఖాదర్ సాహెబు గారికి, సకీనాబీ గారికి, పరిపూర్ణమైన ఆరోగ్యమూ దీర్ఘాయువూ కలగాలని మా అందరి ఆకాంక్ష. ఈ కోరికలో మా స్వార్థం కూడా కొంత ఉన్నది. రేపు మేము ఏమి మార్చినా, వచ్చి చూసి, తప్పయితే తప్పని మొహం మీద చెప్పడానికి వారు చాలాకాలం మా మధ్య ఉండాలి.