పడమటి గోడ

రాసుకో తల్లీ, నాను ఒద్దన్లేదు. కానీ ఆ అర్జీలో ‘కావాలని చేసింది’ అని ఒక ముక్క ఉన్నాదన్నావు కదా, అక్కడ మాత్రం కాసేపు పెన్ను ఆపు. ఆ ముక్క ఎదురింటి గురునాథరావుగారు సొంతంగా రాసినాడా, ఎవరిసేతన్నా రాయించినాడా? సరేలే, ఎవరు రాత్తే ఏటి.

ముందు కూకో. ఆ కుర్చీ ఒద్దు, దాని కాలు ఊగుతాది. మంచం మీద కూకో. బయపడకు, మా ఆయన జబ్బుతో పడుకున్న మంచం కాదిది, దాన్ని అప్పుడే ఇచ్చేసినాం. ఇప్పుడు వీపు గోడకి ఆనించు. పర్లేదు, ఆనించు. కాలతన్నాదా? లేదు కదా. మే నెల, మద్దినేల మూడు దాటింది, పడమటి గది. ఫేను కూడా రెండు మీదే తిరుగుతన్నాది. కూలరు కిందటేడు కొన్నది, అటక మీద పడేసేను, దాంతో పనే లేదు. కరెంటు బిల్లు సగానికి తగ్గిపోనాది. గోడకి రేకు ఎయ్యడం నేరమయితే ఇయన్నీ కూడా రాసుకో మరి.

సచివాలయంలో నువ్వు ఇళ్ళూ గోడలూ సూసీదానివి కదా. అయితే ఈ గోడ సంగతి మొదట్నుంచీ నీకు తెలియాలి. రేకు పడింది మొన్న. గొడవ అంతకు ముందుది.

మా ఆయన పేరు అర్జునరావు. స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల మీద పని, ఇరవై రెండు యేళ్ళు. కింద బొగ్గు కాలతంటే పైన నిలబడి మూతలు తీసీ పనది. మామూలు జోళ్ళు ఆగవని చెక్క అడుగున్న జోళ్ళు తొడుక్కునీవోరు. షిఫ్టు దిగి ఉక్కునగరం కోటర్సుకి వత్తే ఆయన సొక్కా ఉప్పుకట్టి అట్టలాగ నిలబడిపోయీది. ‘అంత కాకలో ఎలగ ఉంటావయ్యా’ అనడిగితే, ‘అది కంపెనీ ఎండ చిట్టీ, ఎనిమిది గంటలే. ఇంటికొచ్చీసరికి పోద్ది’ అని నవ్వీవోడు.

పిల్లలు లేరు మాకు. ఒకళ్ళకొకళ్ళం. రిటైరయ్యేక గాజువాక వచ్చి ఈ ఇల్లు కట్టుకున్నాం. కట్టిన రెండో యేడే హుద్‌హుద్ వచ్చింది. గాలి అటు కొట్టి కొట్టి, మళ్ళీ ఇటు తిరిగి ఈ పడమటి గోడని పట్టుకున్నాది. నీళ్ళు ఇటుకల్లోకి దిగిపోయి లోపల సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోనాది. అప్పుడు మా ఆయనే నిచ్చెనెక్కి గోడంతా సిమెంటు రేకులు బిగించినాడు. వాన ఆగింది. ఎండంటావా, ఎండ మాకు తెలీదు. ఇదిగో, ఈ కిటికీలోంచి సూడు, ఎదురుగా ఖాళీ జాగా కనిపిత్తన్నాదా? అందులో నిద్రగన్నేరు సెట్టుండీది. తుఫానుకి సగం కొమ్మలు ఇరిగినా మళ్ళీ సిగిర్చి ఇంత మేర కమ్మేసింది. మద్దినేల రెండు దాటితే దాని నీడ మా గోడ మీదే.

నాలుగేళ్ళ కిందట మా ఆయనకి పచ్చవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోనాది, మాట పోనాది. బాత్రూము ఈ గదిని ఆనుకునే ఉన్నాదని ఇక్కడే మంచం ఏసినాం.

నిరుడు మాగమాసంలో ఆ జాగా గురునాథరావుగారు కొన్నాడు. జాగాకి అటు పక్కనే ఆయన మేడ. పోర్టులో సరుకు దింపించే ఏజెంటు కదా, రెండు కార్లు. అవి పెట్టుకోడానికని సెట్టు కొట్టించేసినాడు. మిషను రంపంతో ఒక్క పూటలో అయిపోనాది. ఆ సాయంత్రం ఎండ తిన్నగా లోపలికొచ్చి మా ఆయన మొకం మీద కూకున్నాది.

జాగా ఆయనది, సెట్టు ఆయనది. నాను కాదన్నానా?

ఉగాది దాటీసరికి ఆ సిమెంటు రేకులు పెనాలైపోనాయి. పొద్దుగూకినా గోడ సల్లబడీది కాదు. దుప్పట్లు తడిపి కట్టేను, గోనెలు తడిపి కట్టేను. గంటకల్లా ఎండిపోయీవి. కూలరు పెడితే అదీ వేడిగాలే ఇసిరింది. ఆయనేటి సెప్పగలడు? కుడి సెయ్యి ఒక్కటే కదిలీది. ఆ సేత్తో గోడ ముట్టుకుని నాకేసి సూసీవోడు. బట్టీల మీద ఇరవై రెండు యేళ్ళు నిలబడినోడు తల్లీ. ఆయన ఓర్సుకోలేకపోతన్నాడంటే ఎంత కాకో నువ్వే లెక్క కట్టుకో.

ఎల్లేను. ఎందుకెల్లను? మొదటిపాలి గురునాథరావుగారు గుమ్మం బయటే నిలబెట్టి మాటాడినాడు. ‘బాబూ, ఎండలు తగ్గీదాకా ఆ జాగాలో నాలుగు కర్రలు పాతి తాటాకు పందిరి ఏసుకుంటాను. మీ కార్లకీ నీడ, మాకూ నీడ’ అన్నాను. సూద్దాం అన్నాడు. వారం ఆగి మళ్ళీ ఎల్లేను. కారెక్కుతూ అన్నాడు. ఏటన్నాడో మాట పొల్లుపోకుండా సెప్తాను, రాసుకో. ‘నా జాగాలో మీ పందిరేమిటి చిట్టమ్మా. అంత ఎండగా ఉంటే మీ గోడకి మీరే ఏదైనా మంచి రేకు బిగించుకోండి. మీ గోడ, మీ ఇష్టం.’ అనేసి కారు తలుపేసుకున్నాడు. ఏసీ గాలి ఒక్క రవ్వ వచ్చి నా కాళ్ళకి తగిలింది.

మీ గోడ, మీ ఇష్టం. రాసినావా?

ఇంక వాళ్ళావిడ. అనూరాధమ్మ. మంచి మనిషి. మంచి మనిషంటే, ఉండు సెప్తాను. ఆ మే నెలలో ఒకరోజు పెరటి గుమ్మంలోంచి నన్ను పిలిచి వంటింట్లోకి తీసుకెల్లింది. ఫ్రిజ్‌లోంచి గిన్నె నిండా ఐసు తీసిచ్చింది. ‘ఆయనకి తెలీనివ్వకండి చిట్టమ్మగారూ’ అన్నాది. పదమూడు రోజులు అలగే ఇచ్చింది. రెండుసార్లు తనే తెచ్చింది. ఈ గదిలోకొచ్చి, ఐసు గుడ్డలో సుట్టి, మా ఆయన నుదుటి మీద తన సేత్తోనే పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాది.

అప్పుడడిగేను. ‘అమ్మా, మీ ఆయనతో పందిరి మాట ఒక్కపాలి అను. నువ్వంటే ఇంటాడు’ అని. ‘నా మాట ఆయన దగ్గర సాగదండీ’ అన్నాది. ‘అని సూసేవా’ అన్నాను. తల దించుకున్నాది. లేదు, అని సూడలేదు.

ఇరవయ్యో తారీకున మద్దినేలకి ఒళ్ళు పేలిపోయే జొరం వచ్చింది ఆయనకి. ఆటోలో ఏసుకుని ఆస్పత్రికి ఎల్తంటే దారిలోనే నా సెయ్యి ఒగ్గేసినాడు. డాక్టరు సూసి వడదెబ్బ అన్నాడు. ‘మంచం మీంచి దిగని మనిషికి వడదెబ్బేటి బాబూ’ అన్నాను. ఇంట్లో ఉన్నా తగులుతుందమ్మా అన్నాడు.

పదోరోజున గురునాథరావుగారు పలకరించడానికి వచ్చినాడు. ఇదే గదిలో, ఇంచుమించు నువ్వు కూకున్న సోటే. రెండు మాటలు మాటాడి, రుమాలు తీసి మెడ తుడుసుకుంటా ‘ఇక్కడ మరీ ఉక్కగా ఉందండీ’ అని లేసిపోనాడు.

అప్పుడు అనుకున్నాను తల్లీ. నువ్వు సెప్పినట్టే సేత్తాను బాబూ, నా గోడకి మంచి రేకే ఏత్తాను, అని.

పది నెలలు ఆగేను. వానాకాలంలో పాత రేకులు చిట్లిపోయి మళ్ళీ గోడంతా నానిపోనాది. ఎలాగూ మార్చాల్సిందే. మార్చి నెలలో ఆటోనగర్ ఎల్లేను. హుస్సేన్ బాషా అని రేకుల పనోడు, మా ఆయనకి ఎరికైనోడే. అన్నీ విడమర్చి సెప్పినాడు. సిమెంటు రేకులు ఊడబీకి, గోడకి ఇనప పట్టీలు కొట్టి, మద్దెన థర్మాకోల్ లాటి నురుగు అట్ట పెట్టి, దాని మీద కొత్త రేకు బిగిత్తాడట. వాన లోపలికి రాదు, కాక లోపలికి రాదు. నా ముందు రెండు రకాలు పెట్టినాడు. ఒకటి గందం రంగుది, కంటికి మెత్తగా ఉన్నాది. రెండోది రంగు లేని తెల్లరేకు, అద్దంలాగ మెరుత్తన్నాది. ‘రంగుదే ఏసుకోమ్మా, సల్లదనం రెండింటికీ ఇంచుమించు ఒకటే. తెల్లది పడమటికి పెట్టేవంటే ఎదురింటోళ్ళ కళ్ళు పోతాయి’ అన్నాడు.

ఆ తెల్లరేకు ముక్క ఒకటి అడిగి సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేను. సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కి, ఎండకి పట్టి తిప్పేను. ఎలుగు ఆ జాగా దాటుకుని వాళ్ళ మేడ మీద పడింది. కొంచెం ఇటు జరిపేను, కొంచెం అటు జరిపేను. మర్నాడు బాషా దగ్గరికెల్లి తెల్లదే ఎయ్యమన్నాను. అడుగు పట్టీలు దళసరిగా కొట్టి రేకు కొంచెం పైకి చూసేలాగ బిగించమన్నాను. నీళ్ళు జారడానికని సెప్పేను. ఆయన నాకేసి ఒకపాలి సూసి, కాయితం మీద కొలతలు రాసుకున్నాడు.

కావాలనే సేసేను. ఇప్పుడు రాసుకో.

ఇప్పుడు నాలుగు కొట్టీసరికి వాళ్ళింట్లో ఇంకో పొద్దు పొడుత్తాది. ఏసీలు ఆడతానే ఉంటాయి, ఇల్లు సల్లబడదు. ఏటని రాసినాడు అర్జీలో, ‘రాత్రి ఇంటికి వస్తే కొలిమిలో కాలు పెట్టినట్టుంది’ అనా? ఆ ముక్క మళ్ళీ సదువు తల్లీ.

ఇంకోపాలి.

బాగున్నాది. కిందటివారం వచ్చినాడు. గుమ్మం బయటే నిలబెట్టి మాటాడేను. ‘రంగు వేయించండి, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను’ అన్నాడు. ‘నా గోడకి మీ రంగేటి బాబూ. అంత ఎలుగ్గా ఉంటే మీ జాగాలో మీరే ఒక సెట్టు నాటుకోండి’ అన్నాను. నాను తలుపేసుకున్నాను.

ఏటలగ సూత్తన్నావు? నీకు అనుమానం వచ్చినట్టున్నాది. ఆయన పొద్దున్నే పోర్టుకి ఎల్తే మళ్ళీ సీకటి పడ్డాకే వత్తాడు కదా, నాలుగింటికి ఆ ఎలుగులో ఉండీది ఎవరూ, అనే కదా?

పెన్ను మూసేసేవా. మంచిది. ఇది రాయక్కర్లేదు.

ఆ ఎలుగు పడే కిటికీ వంటింటిది. నాకు తెలుసు. ఐసు కోసం ఎన్నిసార్లు ఎల్లేను ఆ వంటింట్లోకి. గిన్నె పట్టుకుని ఆ కిటికీ పక్కనే నిలబడీదాన్ని. డాబా మీద రేకు ముక్క తిప్పినప్పుడు నాను ఎతుక్కున్నది ఆయన పడగ్గదిని కాదు. ఆ కిటికీనే.

ఆయన మీద కోపమంటే అది తేలికైన కోపం తల్లీ. ఆయనకి మేం కనపడనే లేదు. ఆవిడకి కనపడ్డాం. వచ్చింది, ముట్టుకున్నాది, ఏడిసింది. ఇంటికెల్లి మొగుడికి అన్నం పెట్టింది, నోరు మాత్రం ఇప్పలేదు. ఐసు ఎంతసేపు ఉంటాది? నువ్వు సెప్పు. ఒక్క మాట అనుంటే పందిరి పడీదో లేదో నాకు తెలీదు. పడకపోయినా, అన్నాదని ఉండీది.

ఇప్పుడు ఆ కిటికీకి కాయితాలు అంటించుకున్నాది. మొన్న పెరట్లో బట్టలు తీత్తా కనిపించింది. మొకం కమిలిపోనాది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను సూసింది. నానూ అలగే నిలబడి సూసేను. ‘కష్టంగా ఉందండీ, తీసెయ్యండి’ అని తన నోటితో ఒక్క మాట అంటే ఆ రోజే బాషాకి కబురెడదును. ఒట్టేసి సెప్తన్నాను. తల దించుకుని లోపలికి ఎల్లిపోనాది.

నాకు సంతోసంగా ఉన్నాదా అంటావా? ఉన్నాది. అబద్దం ఎందుకు. రోజూ నాలుగింటికి కాఫీ పట్టుకుని డాబా ఎక్కుతాను. ఆ కిటికీ తెల్లగా మండతంటే సూత్తాను. కాఫీ అయ్యీదాకా బాగుంటాది. మెట్లు దిగేక ఉండదు. మళ్ళీ మర్నాడు ఎక్కుతాను.

నోటీసు ఇత్తావా, ఇచ్చుకో. సంతకం పెడతాను. రేకు మాత్రం నా సేత్తో తియ్యను.

ఇప్పుడు అటు కూడా ఎల్తావు కదా. ఆవిడే తలుపు తీత్తాది. మంచినీళ్ళు ఇత్తాది, మంచి మనిషి. నానన్న మాటలేటీ ఆవిడతో అనకు.

బేగి బయల్దేరు తల్లీ, నాలుగవుతన్నాది. ఆ జాగా దాటినప్పుడు కళ్ళకి సెయ్యి అడ్డం పెట్టుకో.