అయ్యగారు మారితే కంప్యూటర్ పేరు మార్చొచ్చా?

హలో, అందరూ బాగున్నారా? నా మాట వినపడుతోందా? అది 2003లో ఓ శనివారం. నాంపల్లిలో ఓ చర్చి ఆఫీసు. సంఘస్తుల వివరాలున్న డేటాబేస్ తెరుచుకోక గుమస్తా అక్క కంగారు పడుతోంది. ఆబిడ్స్ నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్‌కి అంతకన్నా కంగారు.

“అక్కా, జిప్పోరాతో నా పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చర్చిల చదవాలె, మా వివరాలు గిండ్లనే ఉన్నయి. రేపు తప్పితే లెంట్ ఉపవాస దినాలొస్తయి, ఈస్టర్ దాక పెండ్లే లేదు!”

“తెల్సు తమ్మీ. కంప్యూటరేమంటుంది?”

“జ్ఞానశేఖర్ అనే హోస్ట్ కంప్యూటర్ దొరుకుతలేదంట. ఎవరాయన?”

“పాత పాస్టర్ అయ్యగారు. ఆయన ఉన్నప్పుడు కొన్నమని కంప్యూటర్‌కు ఆయన పేరే పెట్టినం. మొన్న రాబర్ట్ అయ్యగారు వచ్చిన్రు. బోర్డు మార్పిచ్చిన, ముద్ర మార్పిచ్చిన, దీని పేరు గూడ రాబర్ట్ అని మార్చిన. మర్యాద గదా!”

“నీ మర్యాదకు దండం! డేటాబేస్ ఇంకా పాతాయన్నే వెతుకుతుంది.”

“మళ్ల పాత పేరు పెడితే కొత్తాయన చిన్నబుచ్చుకుంటడు.”

“ఫికర్ చెయ్యకు. కంప్యూటర్ల పేర్లుండే హోస్ట్స్ ఫైల్‌ల ఒక లైన్ రాస్తున్న, జ్ఞానశేఖర్ అన్నా గీ కంప్యూటరే అని... ఔ, తెరుచుకుంది!”

ప్రింటర్ గరగరమంది. అక్క పెండ్లి ప్రకటన కాగితం చేతికిచ్చి నవ్వింది.

“పెండ్లయినంక జిప్పోరా ఇంటిపేరు మార్పిస్తవా?”

“వద్దక్కా! పేరు మారిస్తే ఏమైతదో ఇప్పుడే చూసిన.”

మీ ఆఫీసులో పేర్లు మార్చే సరదా ఎవరికైనా ఉంటే, ముందు వాళ్లకి ఇది పంపండి.