దున్న తెచ్చినవాడు, చేపలు పంపినవాడు

సరస్సు మధ్య సమోసిర్ దీవిలో తియుర్మ ఇంటి ముందు లారీ ఆగింది. లోపల అత్తవారి తరఫు చుట్టాలు చాపల మీద కూర్చుని ఉన్నారు. లారీ దిగినవాడు ఆమె అన్న హోతాన్. ఈ గడప చూసి అయిదేళ్ళయింది.

“తాడు విప్పొద్దన్నానా? ఆ దున్నని లారీలోనే ఉంచు, అన్నా.”

“నీకోసం తెచ్చాను తల్లీ. జిల్లా మొత్తంలో ఇంత దున్న లేదు. ఆ కొమ్ములు చూడు, కొమ్ములు—”

“చూశాను. తొమ్మిదేళ్ళకి కడుపు పండింది. ఏడో నెల. పుట్టింటివాళ్ళు ఈ రోజు ఏం తేవాలి?”

“మెదాన్ పట్నం నుంచి దీన్ని తేవడానికి పడవవాడితో ఎంత—”

“ఏం తేవాలని అడుగుతున్నా.”

“చేప.”

“మరి?”

“చేప ఏపాటిది తల్లీ? ఇంత వ్యాపారం చేసేవాణ్ణి, మూడు చేపలు చేత్తో పట్టుకుని దిగితే నలుగురూ నవ్వరూ?”

“ఇప్పుడు నవ్వరా? పుట్టింటివాళ్ళు ఆడపిల్లకి పెట్టేది చేప. ఆడపిల్ల పుట్టింటికి పెట్టేది మాంసం. నువ్వు నాకు మాంసం పెడితే మనిద్దరిలో ఎవరు ఎవరికి అన్న?”

“పట్నంలో పడి మరిచిపోయాను.”

“మరిచిపోలేదు. అయినా నాన్న పొలమంతా నువ్వుంచుకుని దున్ననిక్కడికి తోలితే నేనెక్కడ దున్నను?”

“అదిగో. వచ్చేసింది పొలం. ఆ మాట రాకూడదనే ఇంత పెద్ద దున్నని—”

“అడ్డం పెట్టావు. బాగానే ఉంది, దాని వెనక నువ్వు కనిపించడమే లేదు.”

“నాన్న ఉంటే సంతోషించేవాడు.”

“నాన్నా? కర్రపెండలం ఆకు వండిన రోజల్లా బైబిల్లో ఆ ఒక్క పేజీయే చదివేవాడు. పగతో పెట్టే కొవ్విన ఎద్దు కంటే ప్రేమతో పెట్టే ఆకుకూర మేలని ఉన్న పేజీ.”

“ఆకు తప్ప వేరే వండిందెప్పుడు గనక? పసుపు మరకలంటి ఆ పేజీలో అక్షరాలే కనబడేవి కావు. నోటికే చెప్పేసేవాడు.”

“నువ్వు పక్కన కూర్చుని నీ ముద్ద నా కంచంలోకి తోసేవాడివి.”

“నాకా కూర నచ్చేది కాదు.”

“నచ్చకే మరి, తరవాత వెళ్ళి గిన్నె నాకేవాడివి.”

“...పోనీ ఇప్పుడే పడవెక్కి సంతకి పోయి—”

“సంత పొద్దున్నే ఎత్తేశారు. చేప లేకుండా ఆ చాప మీద ఎలా కూర్చుంటావు?”

“కూర్చోను. వెళ్ళిపోతాలే. డ్రైవరూ, బండి తిప్పు.”

“అన్నా, ఆగు—”

“తియుర్మా! మీ అత్తనే, లోపల్నుంచి గొంతు చించుకుంటున్నా, వినబడదూ? వచ్చింది మీ అన్నేనా? ఆయన పంపిన చేపలు చల్లారిపోతున్నాయి, వచ్చి తన చేత్తో నీ నోట పెట్టమను.”

“...నేను పంపిన చేపలా?”

“మెల్లగా మాట్లాడు.”

“నేనేం పంపలేదే.”

“పొద్దున సంతలో నేనే కొన్నాను. నేనే వండాను. మా అన్న పంపాడని అందరికీ చెప్పాను.”

“వస్తానని నేను కబురైనా పెట్టలేదు కదే. రాకపోయుంటే?”

“రాకపోతే ఏం? మా అత్త భుజం మీద దుప్పటీ నువ్వు పంపిందే, మా ఆయన చొక్కా నువ్వు పంపిందే. ఈ చేపల్లాగే, అయిదేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ నువ్వేదో ఒకటి పంపుతూనే ఉన్నావు అన్నా.”