నిండిన బ్యాటరీ

ఫిబ్రవరి పదకొండున అతని భార్య సంవత్సరీకం. గారెలూ పరమాన్నమూ తిన్న ఆ మధ్యాహ్నమే, విజయనగరంలో తన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతానని, అతని ఇంట్లోనే ఉంటున్న అత్తగారు అన్నారు. తుంటి నొప్పితో ఆమె రైలెక్కలేరు. తన బ్యాటరీ కారులో తీసుకెళ్ళాలంటే దారిలో ఛార్జింగ్‌కు ఎంతసేపు పడుతుందో చూద్దామని, ఆదివారాలు ఆమెను వెంటబెట్టుకుని అతడు ఊళ్ళోని ఒక్కో ఛార్జింగ్ స్టేషనుకు వెళ్తున్నాడు. ఈసారి ఊరి చివరనున్న సంత్రాగాఛిలోది.

"ఏటి బాబూ, ఎంత ఎక్కింది?"

"అరగంటలో పది శాతం కూడా ఎక్కలేదు అత్తయ్యగారూ. ఇలాగైతే దారిలో మీరు గంటల తరబడి కూర్చోవాలి."

"భవానీపూర్‌లోనూ ఇదే మాటన్నావు. దీనికన్నా మీ మావగారి సైకిలు నయం."

"అక్కడా నెమ్మదే కదండీ."

"మరి మన పక్క బండి గబగబా నింపుకుని ఎళిపోనాదే. ఖాళీ బండికి జోరుగా ఎక్కుతాదట, నిండే కొద్దీ నెమ్మదట. ఆ బండి బెంగాలీ దాదాయే చెప్పినాడు."

అతడు వంగి ఛార్జరు తీగ సరిచూశాడు.

"రాత్రంతా ఇంటికాడ ఎక్కించి మరీ తెస్తన్నావు. నీకీ సంగతి తెలీదా?"

"తెలుసు."

"ఉండిపొమ్మని ఒక్క మాట అనొచ్చు కదా బాబూ."

"మీ అమ్మాయే లేనప్పుడు, ఏ వరసతో అడగనండీ?"

"ఏ వరసతో ఉండాలో తెలీకే నేనూ ఎళ్తానన్నాను."

ఆమె ఛార్జరు వైపు చూపించారు.

"ఆ తీగ తీసెయ్యి. ఇంటికెళ్దాం."

ఇంటికి చేరాక ఆమె తమ్ముడికి ఫోను చేసి, రావడం లేదని చెప్పారు. తర్వాత, ఇన్నాళ్ళూ చుట్టంలా అతనికే వదిలేసిన వీధి తలుపును, తనే నెమ్మదిగా మూసి గడియ పెట్టారు.